పొద్దుగూకేసరికి పాడాలె



మాది తుర్కపల్లి. ఈ పేరుతో యాదగిరిగుట్ట వైపు ఇంకో ఊరు ఉంది. మాది శామీర్‌పేట తుర్కపల్లి. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సో, కరీంనగర్ బస్సో ఎక్కితే అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటాక శామీర్‌పేట చెరువు వస్తుంది. ఆ తర్వాత రాజీవ్ రహదారి పక్కన మా ఊరు. నా చిన్నతనంలో ఈ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ఇప్పుడు ఆ నేలల్లో అద్దాల మేడలు లేచాయి. 1999లో మా ఊళ్లో నాలెడ్జ్ పార్కు మొదలైంది. దాని చుట్టూ జీనోమ్ వ్యాలీ అనే ప్రయోగశాలల సముదాయం పెరిగింది. కరోనా రోజుల్లో కొవాగ్జిన్ టీకా ఇక్కడి నుంచే బయటికి వెళ్లింది. రాత్రి డాబా ఎక్కి చూస్తే ఆ ప్రయోగశాలల దీపాలు తెల్లవార్లూ వెలుగుతూనే కనిపిస్తాయి.

ఆ ప్రయోగశాలల గురించి చెప్పడానికి పెద్ద చదువులు చదివినవాళ్లు ఉన్నారు. నేను ఒక బల్ల గురించి చెప్పడానికి వచ్చాను. మా ఇంటి వెనక వసారాలో కిటికీ కింద ఉంటుందది. దాని మీద ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు పెట్టుకున్న పాత హార్లిక్స్ సీసా, విప్పి సగంలో ఉన్న ఒక టార్చిలైటు ఉంటాయి. ఎలక్ట్రానిక్స్‌ను ఇష్టంతో, సొంత చేతులతో నేర్చుకునేవాళ్ల ఇళ్లన్నింటిలో ఇలాంటి బల్ల ఒకటి ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఉండాలని నా కోరిక.

నాకు ఈ ఆసక్తి ఎలా అంటుకుందో ముందు చెబుతాను.

మా నాయిన దగ్గర ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. చిల్లుల తోలు తొడుగు, నాలుగు పెద్ద సెల్లులు. పొలం పోయినా భుజానికే, మంచం ఎక్కినా తలాపునే. ఒక వేసవిలో అది మూగబోయింది. సెల్లులు మార్చినా పలకలేదు. మధ్యాహ్నం ఆయన నిద్రపోయినప్పుడు నేను దాన్ని వెనక వసారాలోకి తీసుకుపోయి మరలు విప్పాను. మరలన్నీ ఒక గిన్నెలో వేసుకున్నాను. లోపలంతా నాకొక ఊరిలా కనిపించింది. రంగు చారల రెసిస్టర్లు వరస ఇళ్లలా ఉన్నాయి. పొడుగ్గా నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద సన్నటి రాగితీగ చుట్టు. మీట తిప్పితే రేకులు ఒకదాంట్లోకి ఒకటి దూరే గ్యాంగ్ కండెన్సర్.

తల ఎత్తితే ఎదురుగా నాయిన నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, ఇప్పినవా?"

నేను మాట్లాడలేదు. ఆయన కాసేపు లోపలికి చూసి అన్నాడు: "ఇప్పితే ఇప్పినవ్ గని, పొద్దుగూకేసరికి పాడాలె. వార్తలు వినాలె."

అంతే, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. కొట్టలేదు, లాక్కోలేదు. సాయంత్రం దాకా గడువు మాత్రం పెట్టాడు.

నేను ఒక్కో వస్తువునూ చూస్తూ పోయాను. సెల్లులు కూర్చునే స్ప్రింగు దగ్గర పచ్చగా ఏదో పేరుకుని ఉంది. ఇంట్లో తోమని రాగిచెంబుకు పట్టే చిలుము ఉంటుంది కదా, అదే. ఎప్పుడో ఒక సెల్లు కారింది. ఆ రసం తీగను తినేసింది. తీగ పైకి అతికినట్టే ఉంది కానీ, వేలితో తాకితే ఊడివచ్చింది. బ్లేడుతో చిలుము గీకి, తీగ కొసను మెరిసేదాకా రుద్ది, స్ప్రింగుకు గట్టిగా మెలిపెట్టి చుట్టాను. సెల్లులు వేసి మీట తిప్పితే ముందు గరగర వచ్చింది, తర్వాత మనిషి గొంతు వినిపించింది. ఆ సాయంత్రం మా ఇంట్లో వార్తలు విన్నారు. చదువులో నాకు తర్వాత ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తు లేదు. ఆ గరగర మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

దాని తర్వాతి మెట్టు క్రిస్టల్ రేడియో. దీనికి సెల్లులే అక్కర్లేదు. వేపచెట్టు కొమ్మ నుంచి ఇంటి దూలం దాకా పొడుగాటి తీగ కట్టాను, అది ఏరియల్. బావి పక్కన తడినేలలో ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టాను, అది ఎర్త్. మధ్యలో ఒక తీగచుట్ట, ఒక గ్యాంగ్, ఓఏ79 అనే జెర్మేనియం డయోడ్, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్. హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. రేడియో అల సెకనుకు పోయే మూడు లక్షల కిలోమీటర్లను ఆ 738తో భాగిస్తే 406.5 వస్తుంది. అంటే ఆ అల పొడవు 406 మీటర్ల పైచిలుకు. అంత పొడుగు అల మా వేపచెట్టు మీది తీగను తాకి, అందులో ఇసుమంత కరెంటు పుట్టించి, ఆ కరెంటుతోనే నా చెవిలో పాట పాడింది. ప్రసార కేంద్రం పంపిన శక్తి తప్ప వేరే శక్తి ఏదీ అందులో లేదు. పుస్తకంలో చదివిన తరంగదైర్ఘ్యం ఆ రోజు నాకు చేతికి తగిలింది.

అసలు హైదరాబాదులో రేడియో పుట్టుకే ఇలాంటి ఆసక్తి నుంచి వచ్చింది. 1930ల తొలినాళ్లలో మహబూబ్ అలీ అనే తపాలా తంతిశాఖ ఉద్యోగి చిరాగ్ అలీ గల్లీలో సొంతంగా ఒక చిన్న కేంద్రం నడిపారు. దాని శక్తి 200 వాట్లు. ఇప్పుడు మన ఇళ్లలో రెండు మూడు ఫ్యాన్లు తిరిగితే అంత కరెంటు ఖర్చవుతుంది. ఆ 200 వాట్లే ఊరికి కొత్త గొంతునిచ్చాయి. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. ఒక ఉద్యోగి పట్టుదలతో మొదలైనదాన్ని రాజ్యం, ఆ తర్వాత దేశం అందుకున్నాయి.

ఇక సామాన్ల సంగతి. ఈ రోజు ఫోన్‌లో నొక్కితే ఇంటికే వస్తున్నాయి. మా రోజుల్లో కోఠీ పోవాల్సిందే. బ్యాంక్ స్ట్రీట్ పక్కన గుజరాతీ గల్లీ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు జరగాల్సిన సందులో వరసగా చిన్న చిన్న దుకాణాలు. గోడ నిండా సొరుగులు, సొరుగు నిండా రెసిస్టర్లు. "వన్ కే పది, బీసీ ఐదు నలభై ఏడు నాలుగు, నైన్ వోల్ట్ బజర్ ఒకటి" అంటే చాలు, దుకాణదారు తల ఎత్తకుండానే సరైన సొరుగు లాగుతాడు. కండెన్సర్ కావాలంటే "ఎన్ని ఎమ్మెఫ్‌డీ?" అని ఒక్క ప్రశ్నే. చదువు రానివాడి నోట కూడా మైక్రోఫారడ్ లెక్క తప్పదక్కడ. పాత మోటార్లకు రాణీగంజ్, పాత సామానుకు ఎర్రగడ్డ ఆదివారం సంత. పాడైన ప్రింటర్ ఒకటి కొంటే అందులో రెండు మంచి మోటార్లు, పళ్ల చక్రాలు, బెల్టు, నిగనిగలాడే ఉక్కు కడ్డీ దొరికేవి. జేబులో మిగిలిన పైసలతో తుర్కపల్లి టికెట్ కొట్టించుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని, దారంతా ఆ సంచిలోకి చూసుకుంటూ వచ్చేవాణ్ణి.

ఇప్పుడు మా బల్ల దగ్గరికి నాకన్నా ముందే చేరే మనిషి ఒకామె ఉంది. మా తమ్ముడి కూతురు, ఎనిమిదో తరగతి. పోయిన ఎండాకాలం ఒకరోజు వచ్చి అడిగింది:

"పెద్దనాయినా, మన ట్యాంకు రోజూ పొంగి గల్లీల నీళ్లు పోతున్నయి. దానికేమన్న చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు బిడ్డా. నువ్వే చెయ్యి, నేను పక్కన కూసుంట."

ఆ పని ఎలా జరిగిందో వివరంగా చెబుతాను. మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. కావలసినవి ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజర్, ఒక కిలో ఓమ్ రెసిస్టర్, బీసీ547 ట్రాన్సిస్టర్, కాస్త వైరు. ట్రాన్సిస్టర్ అంటే మూడు కాళ్ల నల్లటి పలుకు. దాని చదునైన ముఖం మన వైపు తిప్పి, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమ నుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్. బ్యాటరీ ప్లస్ నుంచి బజర్, బజర్ నుంచి కలెక్టర్. ఎమిటర్ నుంచి బ్యాటరీ మైనస్. ఇప్పుడు రెండు పొడుగాటి వైర్లు ట్యాంకు పై అంచు దగ్గరికి పోతాయి. ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, రెండోది రెసిస్టర్ మీదుగా బేస్‌కు. రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన వేలాడతాయి. అంతే.

"మరి నీళ్లు దీన్ని ఎట్ల మోగిస్తయి?" అంది.

కాలువకు తూము ఉంటుంది కదా అన్నాను. తూము తలుపు ఎత్తడానికి ఒక మనిషి బలం చాలు. ఎత్తాక పారే నీటికి పది ఎకరాలు తడుస్తాయి. ట్రాన్సిస్టర్ కూడా అలాంటి తూమే. మా బోరు నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి కనుక వాటిగుండా కొంచెం కరెంటు పోతుంది. నీటి మట్టం పెరిగి రెండు వైరు కొసలనూ తాకగానే ఆ కొద్ది కరెంటు బేస్‌లోకి చేరి తూము తలుపు ఎత్తుతుంది. కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు వంద రెట్లకు పైగా కరెంటు పారుతుంది. బజర్ కూస్తుంది.

ముందు బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి, గ్లాసులో నీళ్లు పోసి చూసుకుంది. కూసింది. తర్వాత టంకం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. సోల్డర్ వైరును ఐరన్ మొనకు తాకించి కరిగించి, ఆ బొట్టును అతుకు మీద రుద్దుతారు. అది పట్టుకోదు. ఐరన్ మొనతో ముందు అతుకునే వేడి చేయాలి. వేడెక్కిన రాగికి రెండో వైపు నుంచి సోల్డర్ తాకించాలి. అరవై నలభై సోల్డర్ 190 డిగ్రీల దగ్గర నీరవుతుంది. లోపలున్న రోజన్ సన్నటి పొగ వదులుతుంది. సోల్డర్ తనంతట తానే రాగి మీద పాకి, తడి మెరుపుతో చిన్న కొండలా నిలబడుతుంది. ఐరన్ తీశాక రెండు క్షణాలు చేయి కదపకూడదు. కదిపితే అతుకు మసకబారి గరుకుగా గడ్డకడుతుంది. అలాంటి అతుకు ఇవాళ పనిచేసి రేపు మోసం చేస్తుంది. పాప పెట్టిన మొదటి మూడు అతుకులూ అలాగే మసకబారాయి. నాలుగోది మెరిసింది. దాన్ని వాళ్లమ్మకు చూపించడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

ట్యాంకుకు బిగించాక రెండు నెలలు చక్కగా కూసింది. తర్వాత ఒకరోజు నీళ్లు గల్లీలో పారాయి, బజర్ కూయలేదు. డాబా ఎక్కి వైర్లు బయటికి తీసింది. ప్లస్ వైరు కొస పచ్చగా చిలుము పట్టి, సగం అరిగిపోయి ఉంది. నేను ఒక్క క్షణం మా నాయిన రేడియోనే చూసినట్టు ఆగిపోయాను. అదే చిలుము, అదే పచ్చ.

ఎందుకిలా అయింది? కరెంటు నీటిలోంచి ఒకే దిశలో పోతూ ఉంటే, ప్లస్ వైపు లోహం కొంచెం కొంచెంగా నీళ్లలోకి కరుగుతుంది. రాగిపూత పనికి వాడేదీ ఈ సూత్రమే. పాప నోటుబుక్కులో దీన్ని రాసుకుంది. మొదట రాగి కొసల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు పెట్టింది. అరుగుదల నెమ్మదించింది కానీ ఆగలేదు. ఆ తర్వాత లోహమే నీటికి తగలకుండా ఏదైనా చేయవచ్చా అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె తనంతట తానే అడిగింది. నా సంతోషమంతా అక్కడుంది. దానికి జవాబు రీడ్ స్విచ్. అగ్గిపుల్లంత గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు. అయస్కాంతం దగ్గరికి వస్తే అవి అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. మూత బిగించిన ప్లాస్టిక్ పైపులో రీడ్ స్విచ్‌ను ఉంచి, పైపు చుట్టూ తేలే థర్మాకోల్ ఉంగరానికి చిన్న అయస్కాంతం అంటించింది. నీటితో ఉంగరం పైకి లేస్తుంది. అయస్కాంతం ఎదురుకాగానే బజర్ కూస్తుంది. నీళ్లకూ కరెంటుకూ సంబంధమే లేదు. ఇప్పుడు మా ట్యాంకు మీద ఉన్నది ఆ మూడో రూపం.

ఈ నీళ్ల ముచ్చటతోనే మా ప్రాంతపు పెద్ద పాఠం ఒకటి చెప్పాలి. ఆటో స్టార్టర్ల గురించి.

బోరు మోటార్లకు కరెంటు విడతల వారీగా వచ్చే రోజులు మీలో చాలామంది చూశారు. పగలు కొన్ని గంటలు, అర్ధరాత్రి కొన్ని గంటలు. స్టార్టర్ డబ్బా పొలంలో ఉంటుంది. కరెంటు పోయి వస్తే మోటారు తనంతట తాను తిరగదు, ఎవరో పోయి పచ్చ బటన్ నొక్కాలి. మా నాయిన రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని గట్ల మీద నడిచిపోయేవాడు. చీకట్లో పాములు, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుంటే షాకు. ఆ నడకల్లో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులున్నారు. ఆ కష్టం నుంచే ఆటో స్టార్టర్ వచ్చింది. మూడు ఫేజులూ సరిగా వచ్చాయా అని అది చూస్తుంది. ఒక ఫేజు లేకపోతే మోటారు కాలిపోతుంది కనుక ఆగుతుంది. మూడూ ఉంటే కాసేపు నిదానించి, రిలేను లాగి మోటారు తిప్పుతుంది. దుకాణాల్లో అమ్మేవీ, ఊళ్లలో మెకానిక్‌లు సొంతంగా అల్లినవీ తెలంగాణ అంతటా పాకాయి. రైతు రాత్రి ఇంట్లో పడుకోగలిగాడు. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

తర్వాత 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్ కరెంటు ఉన్నంతసేపూ మోటారును తిప్పుతుంది. పొలం తడిసినా ఆగదు, బోరు అడుగంటినా ఆగదు. భూగర్భ జలం పోతోందని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది? ఆ డబ్బాకు ఎప్పుడు తిరగాలో నేర్పాం, ఎప్పుడు ఆగాలో నేర్పలేదు. మడి తడిసిందని చెప్పే ఒక తేమ సెన్సర్, బోరులో నీళ్లు తగ్గాయని కరెంటు వాడకాన్ని బట్టి పసిగట్టే ఒక రిలే తోడై ఉంటే అదే డబ్బా నీటిని కాపాడేది. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఒక మాట చెబుతాను. ఏ పరికరం చేసినా, అది ఆగే దారి ముందు గీయండి. నడిచే దారి తర్వాత గీయవచ్చు.

ఇంటి అవసరం నుంచి పుట్టిన పరికరానికి మన నేల మీద అన్నింటికన్నా గొప్ప ఉదాహరణ చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. కొయ్యల మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకు 9 వేల సార్లు చేయి ఆడించాలి. ఆయన తల్లి లక్ష్మి గారు ఆ పని చేసీ చేసీ భుజం నొప్పితో బాధపడేవారు. ఆ నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు. మధ్యలో పని ఆగిపోతే హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసుకున్నారు. బాలానగర్‌లో పనికి పోయిన చోట ఒక యంత్రం కదిలే తీరు చూసి, తనను ఏళ్లుగా వేధిస్తున్న చిక్కుముడి ఎలా విప్పాలో తెలుసుకున్నారు. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లు ఆ యంత్రాన్ని ఎన్నిసార్లు విప్పి, ఎన్నిసార్లు బిగించి ఉంటారో ఆలోచించండి. ఎన్నిసార్లు చెడగొట్టి ఉంటారో కూడా.

సరదాగా నేర్చిన విద్యకు ఉదాహరణ హ్యామ్ రేడియో. ఇష్టం కొద్దీ సొంత ట్రాన్స్‌మిటర్లు, ఏరియళ్లు కట్టుకుని, లైసెన్సు తీసుకుని ప్రపంచంతో మాట్లాడేవాళ్లను హ్యామ్‌లు అంటారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌కు వెళ్లింది. వాళ్లు వెళ్లింది సరదా కోసం, సుదూర హ్యామ్‌లతో మాట్లాడటానికి. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. ద్వీపాల్లో ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆ అభిరుచి పరికరాలే పోర్ట్‌బ్లెయిర్ నుంచి బతికున్నవాళ్ల కబురు బయటికి మోశాయి. సెలవు రోజుల్లో నేర్చుకున్న విద్య ఆపద రోజున ఎంత పనికొచ్చిందో చూడండి. 12 ఏళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి ఈ లైసెన్సు తెచ్చుకోవచ్చు.

మా జిల్లాలోనే ఉన్న ఇ.సి.ఐ.ఎల్.నూ తలుచుకోవాలి. 1967లో పుట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ అది. పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు దాన్ని నిలబెట్టారు. ఏ.ఎస్. రావు నగర్ అంటున్నది ఆయన పేరే. టీవీలు, కంప్యూటర్లు, ఓటింగ్ యంత్రాలు అక్కడ తయారయ్యాయి. ఆ చుట్టుపక్కల కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లో ఎందరికో టంకం పెట్టడం, పరికరాలు పరీక్షించడం అన్నం పెట్టే విద్య అయింది.

ఇప్పటి పిల్లలకు మాకన్నా వెయ్యి రెట్లు వసతి ఉంది. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు అరచేతిలో పడుతుంది. వైఫై కూడా కలిసిన ఈఎస్పీ32 బోర్డు ఒక సినిమాకు ఇద్దరు పోయివచ్చే ఖర్చులో దొరుకుతుంది. హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కోత యంత్రాలు ఉన్నాయి. అన్నీ మంచివే. అయితే బోర్డు కొన్నాక దానితో ఏం చేయాలని వెతుక్కునేకంటే, ఇంట్లో ఎవరికి ఏం కష్టంగా ఉందో ముందు చూడమని నా సలహా. అమ్మమ్మకు మందుల వేళ గుర్తుండదు. ఫ్రిజ్ తలుపు సరిగా పడదు. దొడ్లో కోళ్ల గూడు తలుపు చీకటి పడ్డాక వేయడం మరుస్తారు. ఇవన్నీ ప్రాజెక్టులే. మల్లేశం గారికి అమ్మ భుజం కనిపించింది. మా పాపకు గల్లీలో పారే నీళ్లు కనిపించాయి.

పెద్దవాళ్లకు కూడా ఒక చిన్న పని చెబుతాను. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందా? చాలాసార్లు తప్పు మోటారుది కాదు, పక్కనున్న కండెన్సర్‌ది. దాని మీద సాధారణంగా రెండున్నర మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ విలువ తగ్గిపోయి ఫ్యాను నీరసిస్తుంది. కొద్ది రూపాయల వస్తువు మారిస్తే గాలి మళ్లీ వస్తుంది. దీన్ని తెలిసినవాళ్ల దగ్గర నిలబడి ఒకసారి చూసి నేర్చుకోండి.

తెలిసినవాళ్ల దగ్గర అని ఎందుకన్నానంటే, ఈ విద్యలో భయం ఉండకూడదు కానీ భక్తి ఉండాలి. గోడలో ఉండేది 230 వోల్టులు. చార్జర్ లోపల అది డీసీగా మారి 325 వోల్టులకు చేరుతుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్‌లో చార్జి నిలిచి ఉంటుంది. పిల్లలు మొదటి ఏడాదంతా సెల్లులతో నడిచేవే చేయాలి. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి ఎవరూ పోకూడదు, అందులో రెండు వేల వోల్టులకు పైనే ఉంటుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు. టంకం పెట్టేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి. సోల్డర్‌లో సీసం ఉంటుంది కనుక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టాలి. ఇవి మా బల్ల ముందు గోడ మీద పాప చేతిరాతతోనే రాసి ఉన్నాయి.

తల్లిదండ్రులారా, చివరిగా మీకొక విన్నపం. ఇంట్లో ఒక మూల ఇవ్వండి. కిటికీ ఉన్న మూలైతే మంచిది. చెడిపోయిన రేడియో, పాత టార్చి, ఆగిన గోడ గడియారం పాత సామాన్లవాడికి వేసేముందు వారం రోజులు ఆ మూలలో ఉంచండి. పిల్లవాడు గానీ, ఆడపిల్ల గానీ దాన్ని విప్పితే కోప్పడకండి. చెడిన వస్తువు ఇంకా చెడితే పోయేదేమీ లేదు. విప్పిన చేతికి మాత్రం ఎప్పటికీ పోని ధైర్యం వస్తుంది. ఒక వస్తువు ఎందుకు ఆగిందో తానే కనుక్కున్న పిల్ల, రేపు ప్రయోగశాలలో తెల్ల కోటు వేసుకున్నా, పొలంలో స్టార్టర్ ముందు నిలబడ్డా, అదే ఓపికతో చిలుము ఎక్కడుందో వెతుకుతుంది. అయితే మా నాయినలాగా గడువు కూడా పెట్టండి. విప్పడంతో సరిపోదు, బిగించాలి కూడా. మరలు గిన్నెలో మిగిలిపోతే ఆ పని సగంలో ఉన్నట్టే.

నిన్న సాయంత్రం ఈ ప్రసంగం రాసుకుంటూ కూర్చున్నాను. డాబా మీద బజర్ కూసింది. వంటింట్లోంచి మా మరదలు "మోటరు బందు చెయ్యుండ్రి" అని కేకేసింది. పాప అప్పటికే స్విచ్ దగ్గర ఉంది. నేను గేటు దాకా పోయి గల్లీలోకి చూశాను. నేల పొడిగా ఉంది. తిరిగి వచ్చేసరికి పాప బల్ల దగ్గర మా ఇంటి గోడ గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని, మరలు విప్పి గిన్నెలో వేస్తోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"ఇప్పితే ఇప్పినవ్ గని బిడ్డా..." అన్నాను.

"ఎరికే పెద్దనాయినా," అంది, "పొద్దుగూకేసరికి తిరగాలె."